నీలం ట్రే

స్కాలర్‌షిప్ కమిటీ నాలుగింటికి లేచిపోతుంది. అడ్మిషన్ల ఆఫీసు గోడ గడియారంలో రెండుంపావు అయింది.

మిగిలిన గంటా ముప్పావులో ఒక పేరు తేలాలి. తేలకపోతే గువ్వ చదువు ఈ వరండాలో, ఈ ప్లాస్టిక్ కుర్చీలోనే ఆగిపోతుంది.

ఇంతవరకూ జరిగింది రెండు ముక్కల్లో ఇదీ. డాబా మీద పాత పాల డబ్బా పెట్టి, మూడేళ్ళుగా పడిన ప్రతి వాననూ కొలిచి నోటుబుక్కులో రాసుకుంటున్న గువ్వకు వాతావరణ శాస్త్రం చదవాలని కోరిక. ఆ కోర్సు ఈ కాలేజీలో తప్ప ఎక్కడా లేదు. ప్రవేశ పరీక్షలో నాలుగో ర్యాంకు వచ్చింది. పూర్తి స్కాలర్‌షిప్ ఖాయమని అందరూ అన్నారు. మొన్న వచ్చిన ఉత్తరంలో మాత్రం ఫీజులో ఐదో వంతు మాఫీ అని ఉంది. ఇరవై తొమ్మిదో ర్యాంకు తెచ్చుకున్న పళ్ళ డాక్టరుగారి అమ్మాయికి అదే రోజు ఫీజు మొత్తం మాఫీ అయింది. వెతగ్గా వెతగ్గా ఇద్దరి మధ్యా ఒక్క తేడా దొరికింది. డాక్టరుగారి అమ్మాయి ఆఖరి రోజు దాకా సీటు డిపాజిట్ కట్టలేదు. గువ్వ పేరు మీద మాత్రం ఎవరో మొదటి రోజే కట్టేశారు, ఆమెకు తెలియకుండా, ఆమె సంతకం కూడా వాళ్ళే పెట్టేసి.

ఆఫీసువాళ్ళిచ్చిన రసీదు నకలు మీద ఉన్న ఫోన్ నంబరు తమ ఇంట్లోనే ఉండే బాబాయిది. నిన్న పొద్దున అక్క ఆయన రంగు డబ్బాలూ కుంచెలూ తీసుకెళ్ళి వీధిలో పెట్టి, తలుపు గడియ వేసుకుంది. బోర్డులు రాసుకుని బతికే ఆ మనిషి మాటకు మాట అప్పజెప్పే రకం. నిన్న మాత్రం నోరు విప్పలేదు. డబ్బాలు ఒక్కొక్కటే స్కూటరుకి కట్టుకుని వెళ్ళిపోయాడు.

"అక్కా, ఇంటికి పోదాం," అంది గువ్వ. ఒళ్ళో వాన నోటుబుక్కు ఉంది. దాన్ని తెరవడం లేదు, వదలడం లేదు. "ప్యాకింగ్ యూనిట్‌వాళ్ళు సోమవారం నుంచి రమ్మన్నారు కదా. ఆలస్యంగా వెళ్తే అదీ పోతుంది."

"నోరు మూసుకుని కూర్చో."

"కూర్చునే ఉన్నాగా మూడు రోజుల నుంచీ."

అక్క గడియారం వైపు చూసింది. కళ్ళద్దాల షాపులో రోజూ అరవై మందికి చూపు పరీక్షిస్తుంది తను. ఎవరికి ఎంత కనబడుతుందో, ఏ గీత దగ్గర అక్షరం మసకబారుతుందో ఇట్టే చెప్పేస్తుంది. కానీ ఈ వ్యవహారంలో తనకే ఏమీ కనబడడం లేదు.

వరండా చివర నాన్న జనాన్ని వరసలో నిలబెడుతున్నారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఫీజు రసీదుల కిటికీ దగ్గర పదిమంది గుమిగూడితే ఆయన చెయ్యి దానంతటదే లేచింది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు టికెట్ల రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని, నిరుడు రిటైరయ్యారు.

"ఆవిడ మీకంటే ముందొచ్చారు బాబూ. వెనక్కి నిలబడండి."

"నాన్నా, వచ్చి కూర్చో," అంది అక్క. "ఇది నీ బస్టాండు కాదు."

"వెనకొచ్చినవాడు ముందు దూరుతున్నాడమ్మా. చూస్తూ ఎలా ఊరుకోను?"

వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళ సీసా మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. మూడు రోజులుగా ఆయన మాటలు తగ్గిపోయాయి. కూతురి మీద బెంగ అనుకుంది అక్క.

లోపలినుంచి పిలుపొచ్చింది.

*

అడ్మిషన్ మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. బల్ల మీద ఫైళ్ళ వెనక ముఖం సగమే కనబడుతోంది. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"బయట గోడ మీద రాసే ఉందమ్మా. ముందుగా డిపాజిట్ కట్టినా కట్టకపోయినా స్కాలర్‌షిప్‌కి సంబంధం లేదు. మీరు నిన్నా వచ్చారు, నిన్నా ఇదే చెప్పాను."

"చదివాను మేడమ్. నాలుగో ర్యాంకుకి ఐదో వంతు. ఇరవై తొమ్మిదికి మొత్తం. ర్యాంకుకీ సంబంధం లేదు, డిపాజిట్‌కీ లేదు. మరి దేనికి ఉందో చెప్పండి, వెళ్ళిపోతాం."

"కమిటీ ఇష్టం."

"కమిటీకి మా పిల్లంటే ఎందుకిష్టం లేదు?"

మేడమ్ కళ్ళజోడు తీసి ముక్కు మీద రెండు వేళ్ళతో నొక్కుకుంది. అక్క చూపు ఆ కళ్ళజోడు మీద పడింది. ఎడమ పక్క కాడ వంగి ఉంది. మరలోంచి జారిపోకుండా దారం చుట్టారు.

"మధ్యాహ్నానికల్లా తలనొప్పి వస్తుంటుందా మీకు?"

"నీకెలా తెలుసు?"

"అద్దం వాలిపోయింది. ఎడమ కన్ను మీరు చూడాల్సిన చోట చూడ్డం లేదు. ఇలా ఇవ్వండి."

బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. దారం విప్పి, కాడ సరిచేసి, మర బిగించడానికి మూడు నిమిషాలు పట్టింది. మేడమ్ పెట్టుకుని తలుపు వైపు చూసింది, గోడ వైపు చూసింది, చివరకు గువ్వ వైపు చూసింది. ఆ పిల్ల ముఖం అప్పుడే మొదటిసారి కనబడినట్టు చాలాసేపు చూసింది.

లేచి తలుపు వేసి వచ్చింది.

"ఆ బీరువా పక్కన బల్ల చూడండి. ఏమున్నాయి?"

"రెండు ట్రేలు. ఒకటి తెల్లది, ఒకటి నీలం."

"డిపాజిట్ కట్టనివాళ్ళ ఫైళ్ళు తెల్లదాంట్లో పెడతాం. కట్టినవి నీలందాంట్లో. రసీదులు విడిగా ఉంటే నాకు సులువని పంతొమ్మిదేళ్ళ కిందట నేనే మొదలుపెట్టాను. కమిటీ కూర్చున్నప్పుడు తెల్ల ట్రే ముందు తీస్తారు. ఒక్కో ఫైలు చూసి, ఈ పిల్ల వేరే కాలేజీకి పోతుందా అని అడుగుతారు. పోయేలా ఉందంటే ఎక్కువ రాస్తారు. నీలం ట్రే దగ్గరకొచ్చేసరికి డబ్బు అడుగంటుతుంది. అప్పటికి అందరికీ భోజనం వేళ కూడా అవుతుంది. వీళ్ళు ఎలాగూ వస్తారు కదా అంటారు. ఏటా అదే మాట. ఎలాగూ వస్తారు."

"అంటే ఇది రూలు."

"రూలేం కాదమ్మా. ట్రే."

గువ్వ నోటుబుక్కు అంచుని గోటితో గీకుతోంది. అక్క ఆ ట్రేల వైపే చూసింది. మూడు రోజులుగా ఏదో పెద్ద కుట్ర ఉందనుకుంది. లంచం, సిఫార్సు, డాక్టరుగారి పలుకుబడి అనుకుంది. చివరకు చూస్తే బల్ల మీద రెండు ప్లాస్టిక్ ట్రేలు. కోపం తెచ్చుకోడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

"ముందు కట్టినవాళ్ళు వెర్రివాళ్ళన్నమాట."

"మమ్మల్ని నమ్మినవాళ్ళు," అంది మేడమ్. "నన్నడిగితే రెండూ ఒకటే."

ఆమె సొరుగులోంచి ఒక ఫారం తీసింది. మడత కూడా నలగని కాగితం.

"ఒక్క దారుంది. ఇది మాత్రం రూలే. విద్యార్థికి తెలియకుండా, ఆమె సంతకం వేరేవాళ్ళు పెట్టి డిపాజిట్ కడితే ఆ డిపాజిట్ చెల్లదు. ఫైలు మళ్ళీ తెల్ల ట్రేలోకి వస్తుంది. నిన్న ఒక అబ్బాయి సీటు వదిలేసుకున్నాడు. ఒక పూర్తి స్కాలర్‌షిప్ మిగిలింది. కమిటీ ఇవాళ దానికోసమే కూర్చుంది."

గువ్వ తలెత్తింది. మూడు రోజుల్లో ఆ కళ్ళలో వెలుగు రావడం అదే మొదలు. అక్కకు అది చూడ్డానికి భయం వేసింది.

"మేమేం చెయ్యాలి?"

"సంతకం పెట్టిందెవరో అమ్మాయి తన నోటితో చెప్పాలి. రికార్డు చేస్తాం. ఇదివరకు ఒక కుటుంబం కాగితం మీద రాసిచ్చి, తర్వాత మేం రాయలేదు పొమ్మన్నారు. అప్పట్నుంచీ ఇలా పెట్టారు. ఇంకో సంగతి కూడా వినండి. ఆ పేరు పోలీసులకు వెళ్తుంది. దొంగ సంతకం కేసు. మా చేతుల్లో ఉండదు."

"వెళ్ళనివ్వండి," అంది అక్క.

"ఆ మనిషి కూడా ఎదురుగా ఉండి ఒప్పుకుంటే కమిటీ మారుమాట్లాడదు."

అక్క అప్పటికే బాబాయి నంబరు నొక్కుతోంది.

*

బాబాయి ఇరవై నిమిషాల్లో వచ్చాడు. పక్క వీధిలోనే ఏదో మందుల షాపుకి బోర్డు రాస్తున్నాడట. గోళ్ళకి ఆకుపచ్చ రంగు, చెవి వెనక కుంచె. వరండాలో అన్నదమ్ములిద్దరూ ఎదురుపడ్డారు. నాన్న కుర్చీలోంచి సగం లేచారు. బాబాయి ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు. అక్క అది చూసింది. అన్న తిట్టబోతే ఇక్కడ వద్దన్నాడనుకుంది.

లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నేనే మేడమ్. డిపాజిట్ కట్టింది నేనే, సంతకం గీకింది నేనే. పేరు రాసుకోండి. చిన్నక్షరాలైతే చెప్పండి, బోర్డు సైజులో రాసిస్తాను."

"హాస్యం కాదు. జైలుకి పంపచ్చు."

"అక్కడా గోడలుంటాయి కదండీ. సున్నం వెయ్యడానికి మనిషి కావద్దూ?"

గువ్వ నవ్వలేదు. బాబాయి ఏమన్నా పడీపడీ నవ్వే పిల్ల. "ఎందుకు కట్టావు బాబాయ్?" అని మాత్రం అడిగింది.

"నీ సీటు ఎవరైనా తన్నుకుపోతారని. మీ అక్కకి చెప్తే వద్దంటుంది. స్కాలర్‌షిప్ ఉత్తరం వచ్చేదాకా ఎవరూ పైసా కట్టొద్దని ఇల్లంతా దండోరా వేసింది కదా."

మాట సరిగానే ఉంది. కానీ పాఠం అప్పజెప్పినట్టుంది. మేడమ్ కలం బల్ల మీద పెట్టింది.

"ఏ కౌంటర్లో కట్టారు?"

"ఇదేనండీ, గేటు పక్కది."

"మొదటి రోజు ఆ కౌంటరు తెరవలేదు. లైబ్రరీలో కట్టించుకున్నాం."

"ఆ, లైబ్రరీయే. పుస్తకాలు చూసిన గుర్తు."

"పుస్తకాలన్నీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. లోపల రంగులు వేస్తున్నారు." మేడమ్ ముందుకు వంగింది. "మీ పని అదే కదా. ఏ రంగు వేస్తున్నారో చెప్పండి."

బాబాయి నోరు తెరిచాడు. ఏ వీధిలో ఏ గోడకి ఏ రంగో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, తన గోళ్ళ వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

"అబద్ధం రికార్డయిందంటే ఆ ఫైలు తెల్ల ట్రేకి వెళ్ళదు, నీలం ట్రేకీ వెళ్ళదు," అంది మేడమ్ మెల్లగా. "సీటే రద్దవుతుంది. ఇదిగో, అసలు ఫారం. మీ మనిషెవరో మీరే చూసుకోండి."

నీలం ట్రేలోంచి తీసిన ఫైలు అక్క ముందు పెట్టింది.

ఇన్నాళ్ళూ అక్క చూసింది రసీదు నకలు ఒక్కటే. ఫారం చూడ్డం ఇదే. నింపినవాళ్ళు ఎక్కడా తడబడలేదు. ఒక్క కొట్టివేత లేదు. ఖాళీగా వదలాల్సిన ప్రతి గడిలోనూ, తర్వాత ఎవరూ ఏమీ ఇరికించకుండా, ఏటవాలుగా ఒక గీత కొట్టి ఉంది. అమ్మాయి పేరు రాసి, పక్కనే అడక్కపోయినా 'స్త్రీ 18' అని చేర్చారు. వయసుకి కింద వేరే గడి ఉంది. అందులోనూ మళ్ళీ రాశారు.

అక్క వేలు కిందికి జారింది. చివర హాస్టల్ గది గురించి ఒక ప్రశ్న. ఇంకేమైనా చెప్పదలిస్తే రాయండి.

'కిటికీ పక్క. చివరి వరస వద్దు.'

"అది చదివి మేమూ నవ్వుకున్నాం," అంది మేడమ్. "హాస్టల్ గదికి చివరి వరసేమిటా అని."

గువ్వకి చిన్నప్పుడు బస్సులో చివరి వరసలో కూర్చుంటే వాంతి అయ్యేది. ఎక్కడికి వెళ్ళినా నాన్న చివరి వరస కాకుండా, కిటికీ పక్క సీటు రాసిపెట్టేవారు. అమ్మ పోయిన ఏడాది కూడా, ఆస్పత్రికి తిరిగిన ఆ బస్సులన్నిట్లోనూ.

అక్కకు కాగితం మీది అక్షరాలు మసకబారాయి. చూపు పరీక్షలో ఆఖరి గీత దగ్గర ఆగిపోయే ముసలివాళ్ళలా అక్కడే ఆగిపోయింది.

తలెత్తితే బాబాయి తన వైపే చూస్తున్నాడు. వద్దని, చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అప్పుడు అక్క మనసులో ఒక ఆలోచన వచ్చింది. బాబాయికి పెళ్ళాంపిల్లలు లేరు, ఉద్యోగం లేదు, పోయేదేమీ లేదు. లైబ్రరీ గోడల రంగు ఏదో ఎవరినైనా కనుక్కుని ఆయనకు చెప్తే సరిపోతుంది. ఎలాగూ నిన్న వెళ్ళగొట్టేసింది కదా.

అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. కానీ అనుకుంది. అది నిజం.

"ఒక్క నిమిషం మేడమ్," అని లేచింది.

*

నాన్న నీళ్ళ యంత్రం దగ్గర సీసా నింపుతున్నారు. కుళాయి కింద బకెట్లో చుక్కలు పడుతున్నాయి. వెనకే బాబాయి వచ్చాడు.

"నాన్నా," అంది అక్క, "హాస్టల్‌కి చివరి వరస ఉంటుందా?"

ఆయన సీసా మూత బిగించారు. విప్పి మళ్ళీ బిగించారు.

"అలవాటమ్మా," అన్నారు చివరికి. "ఆ గడి చూడగానే చెయ్యి రాసేసింది."

"అన్నయ్యా, నువ్వు ఊరుకో," అన్నాడు బాబాయి. "నేను లోపల చూసుకుంటా. ఏదో ఒక రంగు చెప్తా."

"నువ్వుండరా."

నాన్న గోడకి ఆనుకున్నారు. "మీ అక్కచెల్లెళ్ళకి పెన్షన్ ఆఫీసుకని చెప్పి మొదటి బస్సుకి వచ్చాను. ఇంకా చీకటి వదల్లేదు. గేటు దగ్గర ఎవరూ లేరు. వరసలో మొదటివాణ్ణి నేనే. నా జన్మలో కిటికీకి అటు వైపు కూర్చోవడమే కానీ, ఇటు వైపు మొదటివాడిగా నిలబడ్డం తెలీదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సీట్లు నలభయ్యేనట తల్లీ. ముందు కట్టినవాడికి మంచి సీటు. ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ చూశాను అది. ఆఖర్న పరుగెత్తుకొచ్చినవాడికి చివరి వరసే దొరుకుతుంది. ఇక్కడ తిరగేసి ఉంటుందని నాకేం తెలుసు?"

"సంతకం?"

"చదువు రానివాళ్ళు వచ్చి, మీరే రాసేయండి సార్, మీరే గీకేయండి సార్ అనేవాళ్ళు. రోజుకి ఎంతమందికి పెట్టానో. తప్పని ఎవరూ అనలేదు. దండం పెట్టి వెళ్ళేవాళ్ళు."

"బాబాయి నంబరెందుకిచ్చావు?"

"గువ్వ ఫోన్‌కి కబురొస్తే నీకు తెలిసిపోతుందని."

"నాకు ఆ రోజే వచ్చింది," అన్నాడు బాబాయి. "వెళ్ళి అన్నయ్యని అడిగాను. స్కాలర్‌షిప్ వచ్చాక అందరికీ ఒకేసారి చెప్తా, సంబరపడతారు, అప్పటిదాకా నోరెత్తకు అన్నాడు. తీరా ఈ ఉత్తరం వచ్చింది. అమ్మడూ, విను. వచ్చే వారం అన్నయ్య పెన్షన్ కాగితం మీద సంతకం కావాలి. మనిషి మీద ఏ కేసూ లేదని రాస్తేనే పెన్షన్ వస్తుంది. ఇల్లు దాని మీదే కదా నడవాల్సింది. నాకేముంది? నేను వెళ్తే బోర్డులు తప్ప ఏడ్చేవాళ్ళు లేరు."

అక్క ఆయన వైపు చూడలేకపోయింది. నాన్న వైపే చూసింది.

"నిన్న నేను బాబాయి డబ్బాలు వీధిలో పెడుతుంటే నువ్వు కిటికీలో నిలబడి ఉన్నావు."

"ఉన్నాను."

"చూశావు."

"చూశాను. ఒక డబ్బాకి మూత సరిగా పడలేదు. ఒరిగిపోతోంది. వెళ్ళి నిలబెడదామనుకున్నాను." నాన్న సీసా మూత మళ్ళీ విప్పారు. "కాళ్ళు కదల్లేదమ్మా."

బకెట్లో చుక్కలు పడుతున్నాయి. ఫీజు కిటికీ దగ్గర వరస మళ్ళీ చెదిరింది. ఈసారి ఆయన అటు చూడలేదు.

"నేనే పెట్టానని చెప్తా."

ముగ్గురూ తిరిగి చూశారు. గువ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు.

"సంతకం నాదే అంటాను. కేసుండదు. బాబాయి ఇంటికొచ్చేస్తాడు. ప్యాకింగ్ యూనిట్ మన ఇంటికి దగ్గరే కూడా." ఆఖరి మాట నవ్వుతూ అనబోయింది. నవ్వు రాలేదు. "వాన ఎక్కడున్నా కొలుచుకోవచ్చు అక్కా. డబ్బా ఉందిగా."

"గువ్వా," అంది అక్క. చెల్లెలి చదువు కావాలంటే నాన్నని ఇవ్వాలి. నాన్న కావాలంటే చదువుని ఇవ్వాలి. రెండూ దక్కాలంటే, నిన్న తను వీధిలోకి నెట్టిన మనిషిని మళ్ళీ నెట్టాలి. అదీ ఇక కుదరదు. మేడమ్‌కి అర్థమైపోయింది. మూడు రోజులుగా అన్ని తలుపులూ తన్నుకుంటూ వచ్చిన అక్కకి ఇప్పుడు తన్నడానికి తలుపు లేదు.

లోపలినుంచి మేడమ్ గొంతు వినబడింది. "పది నిమిషాలే ఉన్నాయమ్మా. కమిటీ వాళ్ళు ఫైలు అడుగుతున్నారు."

*

బల్ల మీద చిన్న రికార్డరు ఉంది. మేడమ్ నొక్కగానే ఎర్ర దీపం వెలిగింది. తేదీ చెప్పింది. సమయం చెప్పింది, మూడూ యాభై రెండు. ఫైలు నంబరు చెప్పింది.

"డిపాజిట్ ఫారం మీద ఉన్న సంతకం నీదేనా?"

గువ్వ నోటుబుక్కుని గుండెలకి నొక్కిపట్టుకుని కూర్చుంది. పక్కన అక్క. వెనక గోడకి ఆనుకుని బాబాయి. నాన్న లోపలికి రాలేదు. గుమ్మంలోనే, సీసా పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయీ, నీదేనా?"

గువ్వ పెదవులు కదిలాయి. నాదే అనబోతోంది. అక్కకి ఆ పెదవుల ఆకారం కనబడింది. ఆపాలనుకుంది. చెల్లెలి మణికట్టు మాత్రం పట్టుకుంది.

"కాదు మేడమ్," అన్నారు నాన్న గుమ్మంలోంచి.

"మీరు చెప్పకూడదండీ. అమ్మాయే చెప్పాలి. సంతకం నీది కాకపోతే ఎవరిదమ్మా?"

నాన్న లోపలికి నడిచారు. సీసా బల్ల మీద పెట్టారు. బల్లకి అటు వైపు మేడమ్ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోమనకుండానే వెళ్ళి అందులో కూర్చుని, కూతురి ఎదురుగా ముందుకు జరిగారు. వీపు నిటారుగా పెట్టారు. చిన్నప్పుడు అక్కా గువ్వా భోజనాల బల్ల దగ్గర ఆయన్ని అచ్చం అలాగే అనుకరించి నవ్వుకునేవారు. మూడు రోజులుగా పూడుకుపోయిన గొంతు ఇప్పుడు స్పష్టంగా, గట్టిగా, ఎవరినీ ఎరగనట్టు పలికింది.

"పేరు చెప్పండి. వెనక జనం ఉన్నారు."

వెనక ఎవరూ లేరు. బాబాయి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నాన్నా, వద్దు," అంది గువ్వ.

"పేరు చెప్పకపోతే సీటు రాయలేనమ్మా." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం కౌంటర్లోదే. "బస్సు వెళ్ళిపోతుంది. చెప్పండి, పేరు?"

గడియారంలో ముల్లు కదిలింది. అక్క పట్టుకున్న మణికట్టు చల్లగా, కొయ్యలా ఉంది. గువ్వ ఎర్ర దీపం వైపు చూడలేదు, మేడమ్ వైపు చూడలేదు. నాన్న ముఖంలోకే చూస్తూ నోరు విప్పింది.

"మా నాన్న."

తర్వాత ఆయన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా వినబడేలా. ఎవరూ అడక్కుండానే పక్కన చేర్చింది.

"పురుషుడు. అరవై."